యముడి కిరీటానికి పోత కెంపులు



మా ఊళ్ళో రాత్రిపూట కరెంటు పోతే జనం ఉలిక్కిపడి లేస్తారు. సాంచాల చప్పుడు ఆగిపోతుంది కదా, ఆ నిశ్శబ్దానికి నిద్ర పట్టదు. మహారాష్ట్రలో ఠాణే జిల్లాలోని భివండీ మా ఊరు. సాంచా అంటే మరమగ్గం. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మెదక్ వైపుల నుంచి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా ఇక్కడ ఉంటున్నాయి. పద్మానగర్‌లో నిలబడి కళ్ళు మూసుకుంటే సిరిసిల్ల బజారులో ఉన్నట్టే ఉంటుంది. కళ్ళు తెరిస్తే మాత్రం బోర్డులు మరాఠీలోనూ హిందీలోనూ కనిపిస్తాయి. 1930ల నాటికే ఇక్కడ మరమగ్గాలు మొదలయ్యాయి. 1982లో ముంబయి మిల్లు కార్మికులు సమ్మె చేశాక మిల్లుల పని చాలా వరకు ఇటు మళ్ళింది, దాని వెంటే మన వాళ్ళూ మరింత మంది వచ్చారు.

నేను ఇక్కడే బడిలో తెలుగూ మరాఠీ రెండూ చెబుతాను. ఇవాళ మీతో మాట్లాడబోయేది మాత్రం వ్యాకరణం కాదు. వేషాలకు పెట్టే దొంగ రాళ్ళ గురించి, ముఖ్యంగా వాటికి రంగు ఎక్కించే విద్య గురించి. ఈ విషయంలోకి నేను కావాలని దిగలేదు. నేను చేసిన ఒక పొరపాటు వల్ల దిగవలసి వచ్చింది.

పద్మశాలీలు తమను మార్కండేయుడి వంశం వాళ్ళమని చెప్పుకుంటారు. శ్రావణ పౌర్ణమికి సోలాపూర్‌లో మార్కండేయుడి రథం ఎంత వైభవంగా తిరుగుతుందో చూసినవారికి తెలుసు. కొన్నేళ్ళ క్రితం ఆ పండుగకే మా పిల్లల చేత మార్కండేయ నాటకం వేయిద్దామనుకున్నాం. నాటకంలో మార్కండేయుడి పాత్ర చిన్న పిల్లవాడికి, విబూది రేఖలు దిద్దితే చాలు. ఖర్చంతా యముడిది. కిరీటం, భుజకీర్తులు, కంఠహారం, అన్నింటిలోనూ ఎర్ర రాళ్ళు కావాలి. ముంబయిలో భులేశ్వర్ బజారుకు వెళ్ళి అడిగితే, చెప్పిన ధరకు మా నాటకం బడ్జెట్టు కిరీటంతోనే అయిపోయేట్టుంది. అప్పుడు పెద్ద తరగతి పిల్లలు ఒక ఉపాయం చెప్పారు. బజారులో రెండు సీసాలుగా దొరుకుతుందే, రెజినూ హార్డెనరూ, ఆ రెండూ కలిపి అచ్చుల్లో పోస్తే మర్నాటికి రాయిలా గట్టిపడుతుందట. అచ్చులు కొనే పని కూడా లేదు, మాత్రలు వాడేసిన ఖాళీ అట్టల గుంటలు సరిపోతాయి. గుండ్రని గుంటల్లో గుండ్రని కెంపులు, కోలగా ఉన్న గొట్టాల గుంటల్లో కోల కెంపులు. నాకు భలేగా అనిపించింది.

రంగు సంగతి ఏడో తరగతి పిల్లవాడు ఒకడు తేల్చేశాడు. వాళ్ళ నాన్న బట్టలకు రంగులద్దే కార్ఖానాలో పనిచేస్తాడు. మర్నాడు కాగితం పొట్లంలో ఎర్రపొడి తెచ్చి, "మా బాపు దగ్గర తెచ్చిన టీచర్, గింత ఏస్తే బకెట్ నీళ్ళు ఎర్రగయితయి" అన్నాడు. పొడిని కొంచెం నీళ్ళలో కరిగించాం. ఆ నీళ్ళను రెజిన్‌లో కలిపాం. కలిపింది వాడే, వట్టి చేతులతో. పక్కన నిలబడి చూసింది నేనే.

బయట వాన. తెల్లవారి చూస్తే గుంటల్లో ఉన్నవి కెంపులు కావు, పాలు విరిగినట్టు తెల్లగా మసకబారి, వేలు పెడితే అంటుకునే జిగురు ముద్దలు. రెండు రోజులు ఆరబెట్టి, పైన గట్టిపడ్డట్టు కనిపించినవి ఏరి కిరీటానికి అతికించాం. పూర్తి వేషాలతో రిహార్సల్ చేసిన రోజున యముడి నుదుటి మీద నుంచి ఎర్రటి చారలు కారాయి. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వు తగ్గాక ఆ పిల్లవాడి అరచేతులు చూశాను. మూడు రోజులైనా ఎరుపు వదల్లేదు. వేళ్ళ సందుల్లో దద్దురు లేచింది.

సాయంత్రం వాళ్ళ నాన్న వచ్చాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. తన రెండు చేతులూ చాపి చూపించాడు. గోళ్ళ మొదళ్ళ దాకా రంగే. "మా చేతులెట్లనో గిట్లయినయి టీచరమ్మా. గాని పిల్లగాన్ని సదువుకోమని మీ దగ్గరికి పంపిన" అని మాత్రం అన్నాడు. నేను బి.ఎడ్. చదివాను, సైన్సు మాస్టారు లేని రోజుల్లో సైన్సు కూడా చెప్పాను. అయినా ఆ రంగు ఏమిటో, ఆ రెజిన్ ఏమిటో తెలుసుకోకుండా పిల్లవాడి చేతికిచ్చాను. ఆ తరువాతే పుస్తకాలు వెతకడం మొదలుపెట్టాను. దొరికిన కథ నేననుకున్నదానికంటే చాలా పాతది.

ముందు రోమ్‌కు వెళదాం. క్రీస్తుశకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు చనిపోయిన ప్లినీ అనే పండితుడు ప్రకృతి శాస్త్రం మీద రాసిన పెద్ద గ్రంథంలో చివరి భాగం రత్నాల గురించి. అందులో మన ప్రస్తావన ఉంది. భారతదేశం వాళ్ళు స్ఫటికానికి రంగువేసి రకరకాల రత్నాలను, ముఖ్యంగా బెరిల్ అనే రాయిని అనుకరిస్తారని రాశాడు. పొగడ్తో నిందో గాని పేరైతే చెప్పాడు. ఇంకో చోట అంబర్ గురించి చెబుతాడు. అంబర్ అంటే కోట్ల ఏళ్ళ కిందటి చెట్ల బంక గట్టిపడి రాయిలా మారినది, అంటే అదీ ఒక రెజినే. మేకపిల్ల కొవ్వుతోనూ ఒక మొక్క వేరుతోనూ దానికి కావలసిన రంగు పట్టించవచ్చునని, అలా రంగువేసిన అంబర్‌ను ఊదారంగు అమెథిస్టు రాయికి బదులు వాడతారని రాశాడు. చూశారా, రెజిన్‌కు రంగువేసి రత్నమనిపించే విద్య ఫోనుల్లో పుట్టింది కాదు, రెండువేల ఏళ్ళ నాటిది. రంగును కొవ్వుతో పట్టించారన్న మాట గుర్తుంచుకోండి, నీళ్ళతో అనలేదు. దీని అవసరం ముందు పడుతుంది.

స్ఫటికాన్ని పచ్చగా మార్చడం ఎలాగో చెప్పే పుస్తకాలు ఉన్నాయని, కాని వాటిని రాసినవాళ్ళ పేర్లు తాను చెప్పనని కూడా ప్లినీ అంటాడు. ఇంతకంటే లాభసాటి మోసం ఇంకొకటి లేదని ఆయన అభిప్రాయం. పేరు చెప్పని అలాంటి పుస్తకాల జాతికి చెందినదే ఒకటి, ప్లినీ తరువాత రెండు మూడు వందల ఏళ్ళకు రాసినది, ఈజిప్టులో దొరికింది. పపైరస్ ఆకుల మీద గ్రీకులో ఉంది. 1832లో స్టాక్‌హోం చేరింది కాబట్టి దాన్ని స్టాక్‌హోం పపైరస్ అంటారు. 1913లో లాగర్‌క్రాంట్స్ అనే పండితుడు అచ్చువేయించేదాకా దానిలో ఏముందో లోకానికి సరిగ్గా తెలియలేదు.

అందులో నూట యాభైకి పైగా సూత్రాలున్నాయి. కొన్ని లోహాలకు. మిగిలినవి దాదాపు సగం సగం, ఒక సగం రాళ్ళకు రంగు వేయడం గురించి, ఇంకో సగం ఉన్నికి రంగు వేయడం గురించి. రాగి చిలుముతో పచ్చలు చేయడం ఒక చోట ఉంటే, దారానికి ఊదారంగు పట్టించడం ఇంకో చోట. ఇది చదివినప్పుడు నాకు మా ఊరే కనిపించింది. రాళ్ళ రంగూ బట్టల రంగూ ఒకే చేతిలోనివని, ఒకే పుస్తకంలో రాసుకోదగ్గవని ఆ ఈజిప్టు రంగులవాడికి తెలుసు. మా పిల్లవాడు తండ్రి పొట్లం బడికి పట్టుకు రావడంలో వింతేమీ లేదన్నమాట. వింత ఏమిటంటే, ఆ రెంటికీ మధ్య ఉన్న కిటుకు టీచరుకు తెలియకపోవడం.

ఆ కిటుకు మన లక్కలోనే ఉంది. లక్క మనకు కొత్త కాదు. పాండవుల లక్క ఇల్లు దగ్గర నుంచి ఆడపిల్లల లక్కపిడతల దాకా మన నోళ్ళలో ఉన్న మాటే. రేగు, మోదుగ, కుసుమ వంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగు తన చుట్టూ కట్టుకునే గూడు అది. ఆ గూటి నుంచి రెండు సరుకులు వస్తాయి. గూడును నీళ్ళలో కడిగితే ఎర్రరంగు నీళ్ళలోకి దిగిపోతుంది. కాళ్ళకు పూసుకునే లత్తుక ఇదే, బట్టలకు అద్దిందీ ఇదే. నీళ్ళలోకి దిగకుండా మిగిలిపోయేదే లక్క, అంటే బంక, రెజిన్. తెలుగులో లత్తుక వేరు, లక్క వేరు. ఒకటి నీటికి చుట్టం, ఇంకొకటి నీటికి పగ. నా తరగతి గదిలో జరిగిన రసాయన శాస్త్రమంతా ఈ రెండు మాటల్లో ఉంది. నీళ్ళలో కరిగే రంగును నీళ్ళంటే పడని రెజిన్‌లో పోశాను. అది కలవలేదు సరికదా, నీళ్ళు చేరి రెజిన్‌ను గట్టిపడనివ్వలేదు.

మరి ఏటికొప్పాకలో లక్కకు రంగెలా వేస్తారు? విశాఖ వైపు వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి బొమ్మలు మీరు చూసే ఉంటారు. వాళ్ళు రంగును నీళ్ళలో కలిపి పోయరు. లక్కను వేడిచేసి, మెత్తబడ్డాక రంగును అందులో పెట్టి పిసికి, సాగదీసి, మళ్ళీ పిసుకుతారు. ఆ రంగులక్క కడ్డీని తిరుగుతున్న అంకుడు కర్రకు ఆనిస్తే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. హైదరాబాదు లాడ్ బజారులో లక్క గాజుల పనీ వేడి మీదే నడుస్తుంది. గాజు మెత్తగా ఉండగానే అద్దాలూ రాళ్ళూ అందులో పొదుగుతారు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లోనూ, హైదరాబాదు గాజులకు 2024లోనూ భౌగోళిక గుర్తింపు వచ్చింది.

లక్క నుంచి మా రెండు సీసాల దాకా ఎలా వచ్చామో కూడా చెప్పాలి. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో లక్కరంగు ఓడలెక్కి సీమకు పోయేది. 1856లో పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు లండన్‌లో తారు సరుకు నుంచి ఊదారంగు తీశాడు. 1869 నాటికి జర్మన్లు మంజిష్ఠ ఎరుపును కూడా ప్రయోగశాలలో చేశారు. దాంతో లక్కరంగు వ్యాపారం పడిపోయింది. లక్క మాత్రం పడిపోలేదు. కరెంటు యంత్రాల తీగలకు కావలసివచ్చింది, గ్రామఫోను రికార్డులకు కావలసివచ్చింది. ఒకప్పుడు రేడియోలో మీరు విన్న పాత పాటల నల్ల రికార్డుల్లో ఉన్నది మన అడవుల లక్కే. గిరాకీ పెరిగి లక్క ధర పెరిగితే, దానికి బదులు ఏదైనా చేద్దామని బయలుదేరిన బేక్‌లండ్ అనే రసాయన శాస్త్రవేత్త 1907లో బేకలైటు కనిపెట్టాడు. మనుషులు పూర్తిగా రసాయనాలతో చేసిన మొదటి ప్లాస్టిక్ అది. అంటే ప్లాస్టిక్‌కు తాత మన లక్కపురుగేనని సరదాకు అనవచ్చు.

1920ల చివర్లో అమెరికాలో ఆ జాతి రెజిన్‌నే పారదర్శకంగా, రంగురంగులుగా పోతపోసి గాజులూ హారాలూ చేశారు. కాటలిన్ అని దాని పేరు. రత్నాలు కొనలేని వాళ్ళు మోజుగా కొనుక్కున్నారు. కొన్నేళ్ళకు ఒక వింత జరిగింది. రెజిన్ వయసుతో పాటు పసుపు తిరగసాగింది. తెల్లనివి తేనెరంగు అయ్యాయి, నీలివి ఆకుపచ్చ అయ్యాయి. ఇప్పుడు ఆ పాత నగలు సేకరించేవాళ్ళు, ఇది పుట్టినప్పుడు ఏ రంగో అని పైపొర కొంచెం గీకి చూస్తారట. మేము వాడిన ఎపాక్సీ రెజిన్ ఆ తరువాతిది. 1930లలో స్విట్జర్లాండులో కాస్టాన్ అనే ఆయన కట్టుడు పళ్ళకు పనికొచ్చే పదార్థం కోసం వెతుకుతూ దాన్ని చేశాడు. 1946లో అది అరల్డైట్ పేరుతో జిగురుగా బజారుకు వచ్చింది. పళ్ళ కోసం పుట్టింది చివరకు యముడి కిరీటం చేరింది.

రంగు సంగతికి మళ్ళీ వద్దాం. ఆ పిల్లవాడి తండ్రినే అడిగాను, రెజిన్‌కు మీ రంగు ఎందుకు పట్టలేదని. ఆయన ఒక్క ముక్కలో చెప్పాడు. "నూలు రంగు పాలిస్టర్‌కు పడ్తదా టీచరమ్మా?" నిజమే కదా. నూలు నీళ్ళు తాగుతుంది, నీటి రంగులు దానికి పడతాయి. పాలిస్టర్ దారం నీళ్ళు తాగదు. దానికి డిస్పర్స్ రంగులని వేరే ఉన్నాయి, నీళ్ళలో సరిగ్గా కరగవు, బాగా మరిగే వేడిలో దారం లోపలికి జొరబడతాయి. అవి 1920లలో కృత్రిమ పట్టు కోసం పుట్టాయి. మా రెజిన్ కూడా పాలిస్టర్ లాంటిదే, నీళ్ళు తాగదు. దానికి నీళ్ళు తగలని రంగులే కావాలి. స్పిరిటులోనో నూనెలోనో కరిగేవి అయితే రాయి పారదర్శకంగా ఉంటుంది. అభ్రకం పొడి కలిపితే ముత్యంలా మెరుస్తుంది గాని వెలుతురు లోపలికి పోదు. గూడూరు అభ్రకం ఒకప్పుడు పేరుమోసిన సరుకని మీకు తెలుసు. ఏది కలిపినా అగ్గిపుల్ల మొనతో తీసినంతే కలపాలి. ఎక్కువైతే రెజిన్ గట్టిపడదు, రాయి కెంపులా కాక ఎండిన నెత్తురులా నల్లబడుతుంది.

ఇంతవరకు తెలిసినా ఆ పొట్లం సంగతి మనసులో నుంచి పోలేదు. 1895లోనే జర్మనీలో రేన్ అనే శస్త్రవైద్యుడు రంగుల కార్ఖానా కార్మికుల్లో మూత్రాశయం క్యాన్సర్ కనిపిస్తోందని చెప్పాడు. తరువాత తేలిందేమిటంటే, కొన్ని అజో రంగులు విడిపోయి బెంజిడిన్ వంటి విషాలను వదులుతాయి. 1994లో జర్మనీ అలాంటి రంగులద్దిన బట్టలను నిషేధించింది, 1997లో మన దేశం కూడా కొన్ని అజో రంగులను నిషేధించింది. మా పిల్లవాడు తెచ్చింది ఆ జాబితాలోదని నేననడం లేదు. కాగితం పొట్లం మీద పేరుండదు, అదే నా బాధ. డబ్బా నుంచి చేతికి, చేతి నుంచి పొట్లానికి వచ్చేసరికి రంగుకు ఊరూ పేరూ పోతాయి. రెజిన్ సంగతీ అంతే. గట్టిపడ్డాక పరవాలేదు గాని, పచ్చిగా ఉన్నప్పుడు ఆ హార్డెనర్ చర్మానికి తగిలితే కొందరికి దద్దుర్లు వస్తాయి, ఒకసారి వచ్చిన వాళ్ళకు మళ్ళీ మళ్ళీ వస్తాయి. కనుక ఆ పిల్లవాడి వేళ్ళ సందుల్లో లేచినది రంగుదో రెజిన్‌దో ఇప్పటికీ చెప్పలేను. రెండూ ఇచ్చింది నేనే.

నాటకానికి ఇక వారమే ఉంది. కిరీటం సంగతి తేల్చింది ఒక తాత. మా ఆయా వాళ్ళ మామగారు, కరీంనగర్ జిల్లాలో చిన్నప్పుడు యక్షగానాలు చూసినవాడు. మసకబారిన మా ముద్దలు చూసి నవ్వి, "రాయిల రంగెందుకు బిడ్డా? రాయి కింద పెట్టాలె రంగు" అన్నాడు. ఆ రోజుల్లో తేలిక చెక్కతో చేసిన భుజకీర్తులకు వట్టి గాజుబిళ్ళలే పెట్టేవారట. వాటి వెనక ఎర్ర బేగడ కాగితం. పెట్రోమాక్సు వెలుతురు గాజులోంచి పోయి బేగడ మీద పడి తిరిగి వచ్చేది. ఊళ్ళో పెద్ద షావుకారి ఇంట్లో కూడా అంత కెంపు లేదనుకునేవాళ్ళట.

నేను మళ్ళీ పుస్తకాలు తిరగేశాను. ఇటలీ కంసాలి చెల్లీనీ 1568లో అచ్చయిన తన గ్రంథంలో, రత్నాల కింద పరచే రంగురేకులను ఎలా చేయాలో వివరంగా రాశాడు. అసలు రత్నాలకే! మన కుందనపు పనిలోనూ రాయి వెనుక మూసి ఉంటుంది, కింద రేకు ఉంటుంది. రాయి తక్కువదైనా రేకు ఆదుకుంటుంది. కూచిపూడి, భరతనాట్యం నగల్లో కనిపించే ఎర్రరాళ్ళు చాలా వరకు గాజువో, యంత్రంలో పుట్టిన కెంపులో. 1902లో వెర్నోయ్ అనే ఫ్రెంచి ఆయన మంటలో కెంపును తయారుచేసే పద్ధతి ప్రకటించాక ఎర్రరాయి ఎవరికైనా అందే సరుకైంది. ఆ రాళ్ళు పొదిగే నాగర్‌కోయిల్ దగ్గరి వడశేరి కంసాలులు కూడా మెరుపును రాయికే వదిలేయరు.

కాబట్టి రెండోసారి రెజిన్‌లో రంగే వేయలేదు. వాన తెరిపి ఇచ్చిన ఒక మధ్యాహ్నం, కిటికీలు తెరిచి, చేతులకు తొడుగులు వేసుకుని, రెండు సీసాలూ సరిగ్గా కొలిచి నేనే పోశాను. గాలిలో తేమ పట్టకుండా పైన అట్టపెట్టె బోర్లించాను. మర్నాటికి నీటి చుక్కల్లాంటి రాళ్ళు వచ్చాయి. పిల్లల పని కత్తెరతోనే. వెండి రంగు తళుకు కాగితం రాయి కొలతకు కత్తిరించడం. దాని మీద ఎర్రటి గోళ్ళ రంగు పలుచగా ఒక పూత. ఆరాక రాయి వెనుక అతికించడం. నీలానికి నీలిరంగు పూత, పచ్చకు ఆకుపచ్చ, వజ్రానికి వట్టి వెండి కాగితమే. ఎక్కువ తక్కువైతే పూత తుడిచేసి మళ్ళీ వేయవచ్చు, రాయి చెడదు. నాటకం రోజున దీపాలు పడగానే యముడి తల భగ్గుమంది. ముందు వరుసలో కూర్చున్న పిల్లవాడి తండ్రి ఆ కెంపులనే చూస్తూ ఉండిపోయాడు. చేతులు మాత్రం ఒళ్ళో ముడుచుకుని ఉన్నాయి.

ఆ కిరీటం ఇప్పటికీ మా బడి బీరువాలో ఉంది. ఎండ తగిలే చోట పెట్టామేమో, కాటలిన్‌కు పట్టిన గతే దానికీ పట్టింది. రెజిన్ పసుపు తిరిగింది. కెంపులకు ఏమీ కాలేదు, పైగా కొంచెం కాంతి పెరిగింది. వజ్రాలు పుష్యరాగాలైపోయాయి, నీలాలు ఆకుపచ్చకు తిరిగాయి. ఆ పిల్లవాడు ఇప్పుడు పదో తరగతి. మొన్న బీరువా సర్దుతూ కిరీటం తీసి కిటికీ దగ్గర పెట్టి చూశాడు. "టీచర్, నీలాలు పచ్చలయినయి. యమునికెందుకు ఇగ, వచ్చే ఏడు పార్వతమ్మకు పెడదాం" అన్నాడు. అట్టపెట్టెలో తళుకు కాగితం ఎంత మిగిలిందో లెక్కపెట్టడం కూడా అప్పుడే మొదలుపెట్టాడు.